మాటలిస్తే పద్యాలల్లిన చెళ్ళపిళ్ళ

పాండవోద్యోగ విజయాల పద్యం ఒక్కటైనా చెవిన పడకుండా పెరిగిన తెలుగువాడు ఉంటాడా? మా ఎరుకలో అయితే లేడు. పద్యం మొత్తం నోటికి రాకపోవచ్చు, అర్థం సగమే తెలియవచ్చు. కానీ రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవ సభలో రాగం ఎత్తుకున్నాడంటే చాలు, ఊళ్ళో తిరునాళ్ళ రాత్రి, పెట్రోమాక్సు లైట్లు, హార్మోనియం పెట్టె, ముందు వరసలో చాప పరుచుకుని కూర్చున్న తాతలు గుర్తుకు రావలసిందే. శ్రీకాకుళం వాళ్ళకైనా, గుంటూరు వాళ్ళకైనా, నల్గొండ వాళ్ళకైనా ఇది ఒకటే.

ఆ పద్యాలు ఎవరు రాశారంటే 'తిరుపతి వేంకట కవులు' అని చెప్పి ఆగిపోతాం. అది ఒక్క మనిషి పేరనుకునేవాళ్ళు మా మధ్యలోనే ఉన్నారు. నిజానికి వాళ్ళు ఇద్దరు. ఒకరు దివాకర్ల తిరుపతిశాస్త్రి, ఇంకొకరు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. ఇద్దరిలో ఎక్కువ కాలం బతికి, జంట పేరును చివరిదాకా మోసిన వేంకటశాస్త్రిగారి గురించి ఈసారి చెప్పుకుందాం.

ఆయన 1870 ఆగస్టు 8న తూర్పు గోదావరి జిల్లా కడియంలో పుట్టారు. తండ్రి కామయ్యగారు, తల్లి చంద్రమ్మగారు. ఇప్పుడు కడియం అంటే పూలమొక్కల నర్సరీలు. దేశమంతటికీ అక్కడి నుంచి లారీల్లో మొక్కలు పోతుంటాయి. ఆయన పుట్టేనాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయి పద్దెనిమిదేళ్ళు. 1852లో అది పూర్తయ్యాక గోదావరి కాలవలు ఊరూరా పాకాయి, వాటి మీద పడవలు నడిచాయి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చింది మాత్రం 1900లో. అంటే వేంకటశాస్త్రిగారు పడుచువాడిగా ఊళ్ళు పట్టుకుని తిరిగిన రోజుల్లో గోదావరి దాటాలంటే పడవే గతి. మిగతా దారంతా ఎడ్లబండి, లేదా కాలినడక. ఆనకట్టల గురించీ వంతెనల గురించీ మేము అవసరానికి మించి చెబుతామని మా వాళ్ళు అంటారు. ఏం చేస్తాం, మా పని అలాంటిది!

యానాం నుంచి కాశీ దాకా

చిన్నతనంలోనే కుటుంబం యానాం చేరింది. చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ రాజ్యం, మధ్యలో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న చిన్న ఊరు అది. పద్యం కట్టడం పిల్లవాడికి తొందరగా పట్టుబడింది. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో ఒక శతకం రాశారు. ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకున్నా, అందులో వ్యాకరణం తప్పులున్నాయని చదువుకున్నవాళ్ళు ఎత్తిచూపారు. ఆ మాట ఆయనకు బాగా గుచ్చుకుంది. సంస్కృత వ్యాకరణం మొదటి నుంచీ, సరైన గురువు దగ్గర చదవాలని పట్టుపట్టారు.

పట్టుదల ఉంది గానీ చేతిలో డబ్బు లేదు. ఇంట్లో ఆస్తిపాస్తులు అంతంత మాత్రం. దానికి తోడు కంటి జబ్బు. అప్పు చేసి, ఏజెంటుకు కట్టి, అమ్మ మెడలో గొలుసు కుదువబెట్టి విమానం ఎక్కినవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో చదువు కోసం కాశీ పోవడమంటే ఇప్పుడు సముద్రాలు దాటడం కన్నా తక్కువేమీ కాదు. పోయినవాడు తిరిగొస్తాడో లేడో తెలియదు, ఉత్తరం ఎప్పుడు అందుతుందో తెలియదు. అయినా వెళ్ళొచ్చారు. పెద్దతనంలో 'కాశీయాత్ర' అని ఒక పుస్తకమే రాశారు.

ఆయన బతుకు మలుపు తిరిగింది మాత్రం కాశీలో కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో కడియెద్ద అని ఒక పల్లెటూరు ఉంది. అక్కడ చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారు అనే పెద్ద పండితుడు పిల్లలను ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పేవారు. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఆ గురువుగారి దగ్గరే వేంకటశాస్త్రికి దివాకర్ల తిరుపతిశాస్త్రి తోడు దొరికాడు. తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గర యండగండి. 1872 మార్చి 26న పుట్టాడు, అంటే వేంకటశాస్త్రి కన్నా ఏడాదిన్నర పైచిలుకు చిన్న. ఇద్దరూ కలిసి చదివారు, కలిసి వాదించుకున్నారు, కలిసి పద్యాలు కట్టారు. చివరికి కలిసే బతుకుతెరువు వెతుక్కున్నారు.

జంట పేరు చూడండి. పెద్దవాడు తన పేరు వెనక పెట్టుకుని, చిన్నవాడి పేరు ముందు పెట్టాడు. పలికితే ఏడుకొండలవాడి పేరులా వినిపిస్తుంది. మా పక్క ఊరు అరోరాలో బాలాజీ గుడి ఉంది. 1986లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. శనివారం అక్కడి క్యూలో నిలబడినప్పుడు ఈ జంట పేరు మాలో ఎవరో ఒకరు తలుచుకోవడం మామూలే.

ఇచ్చిన మాట, చెప్పిన పద్యం

బతుకుతెరువు అన్నాం కదా, అదే అవధానం. ఈ కాలం కుర్రాళ్ళలో చాలామందికి దీని పేరు తెలుసుగానీ పని తీరు తెలియదు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. వాళ్ళను పృచ్ఛకులు అంటారు. ఒకాయన పద్యం చివరి పాదం ఇచ్చి మిగతా మూడు పాదాలు పూర్తి చెయ్యమంటాడు, అది సమస్య. ఆ పాదం వినగానే అసంబద్ధంగా, ఒక్కోసారి బూతులాగా ఉంటుంది. దాన్ని పద్ధతైన అర్థంలోకి తిప్పాలి. ఇంకొకాయన అక్షరం అక్షరానికీ అడ్డం పడి ఫలానా అక్షరం వాడకూడదంటాడు, అది నిషిద్ధాక్షరి. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలంటే న్యస్తాక్షరి. మధ్యలో ఒకాయన గంట కొడుతుంటాడు, ఎన్ని కొట్టాడో లెక్క చెప్పాలి. ఇంకొకాయన పనికిరాని ప్రశ్నలు వేసి బుర్ర తింటాడు. దానికి అప్రస్తుత ప్రసంగం అని మర్యాదైన పేరు. ఇన్నింటి మధ్య పద్యం పాదం పాదంగా చెబుతూ పోయి, ఆఖరున అన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. శతావధానం అయితే పృచ్ఛకులు వందమంది. మొదటి చుట్టులో వందమందికీ ఒక్కో పాదం, తర్వాత రెండో పాదం, అలా నాలుగు చుట్లు తిరిగాక వంద పద్యాలూ కాగితం లేకుండా చెప్పాలి. రోజుల తరబడి సాగుతుంది.

అన్నింట్లోకీ మాకు సరదా అయినది దత్తపది. దత్తం అంటే ఇచ్చినది. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలు ఇస్తాడు. ఆ నాలుగూ వచ్చేలా, తాను చెప్పిన విషయం మీద పద్యం చెప్పమంటాడు. ఉదాహరణకి వడ, పూరి, అట్టు, దోస అని నాలుగు టిఫిన్లు ఇచ్చి కురుక్షేత్ర యుద్ధం వర్ణించమన్నాడనుకోండి. అర్జునుడికి దోసె పెట్టలేం కదా! మాటను విరిచి చూడాలి. కృష్ణుడు శంఖం పూరించాడు, పూరి వచ్చింది. కౌరవ సేన వడవడ వణికింది, వడ వచ్చింది. రణరంగం అట్టుడికింది, అట్టు వచ్చింది. అర్జునుడు తనవాళ్ళను చంపడం దోసమన్నాడు, దోస వచ్చింది. మనం ఇక్కడ వచనంలో చెప్పుకున్నాం కాబట్టి తేలిగ్గా ఉంది. అవధాని దీన్నే గణాలు, యతి, ప్రాస తప్పకుండా, పక్కనవాడు గంట కొడుతుండగా చెప్పాలి.

తిరుపతి వేంకట కవులు కాకినాడలో జంటగా శతావధానం చేసి పేరు తెచ్చుకున్నారు. అప్పటికి ఇద్దరూ కుర్రాళ్ళే. అంతకుముందు అవధానం లేదని కాదు. కానీ పండితుల చావడిలో ఉన్నదాన్ని జనం మధ్యకు తెచ్చి, ఊరూరా టిక్కెట్టు లేని ఆటలా చేసింది వీళ్ళే. వాళ్ళు వెళ్ళని సంస్థానం అరుదు. కోస్తాలో, రాయలసీమలో జమీందార్ల కొలువులు, నిజాం రాజ్యంలో గద్వాల, ఆత్మకూరు. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు, అంత పండితాదరణ అక్కడ. అలా కలిసిన రాజుల మీద చెప్పిన పద్యాలే 'నానారాజ సందర్శనము' అనే పుస్తకం అయ్యాయి. అవధానాల్లో చెప్పినవి 'శతావధాన సారము'గా అచ్చయ్యాయి.

పైకి ఇదంతా వైభోగంలా కనిపిస్తుంది. లోపల చూస్తే రోజుకూలీ లెక్కే. రాజుగారి దర్శనం దొరికేదాకా సత్రంలో పడిగాపులు, దివాను దయ కోసం ఎదురుచూపు, పని నచ్చితే శాలువా, నచ్చకపోతే తిరుగు ప్రయాణం ఖర్చు కూడా చేతి నుంచే. చేతిలో పనితనం తప్ప వెనక ఆస్తి లేనివాళ్ళు పరాయి ఊళ్ళో తల ఎత్తుకుని నిలబడాలంటే కాస్త బింకం కావాలి. ఆ బింకానికి వాళ్ళు పెంచిన గుర్తు మీసం. శాస్త్రాలు చదివిన బ్రాహ్మణ పండితులు మీసం పెంచడం అప్పట్లో వాడుక కాదు. ఎందుకు పెంచారని అడిగితే, రెండు భాషల్లోనూ మేమే కవులమని చెప్పడానికి, మమ్మల్ని గెలిచినవాడు వస్తే మీసం తీసేసి మొక్కుతామని చెప్పడానికి పద్యమే కట్టారు. ఆ మీసం కథ తెలుగు దేశమంతా పాకింది.

బింకం ఉన్నచోట తగువు ఉంటుంది. గుంటూరు సీమలో కొప్పరపు సోదర కవులతో, పిఠాపురం వైపు వేంకట రామకృష్ణ కవులతో ఏళ్ళ తరబడి పోట్లాట నడిచింది. సవాళ్ళు, ప్రతిసవాళ్ళు, పత్రికల్లో తిట్లు, రెండు వర్గాల అభిమానులు. ఆ గొడవలో ఎవరిది న్యాయం అని తేల్చే చదువు మాకు లేదు. అయితే కొప్పరపు వాళ్ళూ మహా ధారాళంగా ఆశువు చెప్పినవాళ్ళేనని పెద్దలు ఒప్పుకుంటారు. అంత తెలివైనవాళ్ళు అంత కాలం తిట్టుకోవడానికి ఖర్చుపెట్టారే అని మాత్రం మాకు అనిపిస్తుంది.

పాచికలు, చీటీలు

ఇక్కడ ఒక పక్క సంగతి. నేపర్‌విల్ నుంచి ఉత్తరానికి కారులో రెండు గంటల లోపే లేక్ జెనీవా అనే చిన్న ఊరు వస్తుంది, విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఆ ఊళ్ళో ఉన్న గేరీ గైగాక్స్ అనే ఆయన, డేవ్ ఆర్నెసన్ అనే ఇంకొకాయనతో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చాడు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో వేషం, ఒకడు వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. వేషానికి బట్టలు అక్కర్లేదు, మాటే వేషం. ఆట నడిపించేవాడు కథ చెబుతుంటే వీళ్ళు మా వేషం ఇలా చేస్తుంది, అలా అంటుంది అని జవాబు చెబుతుంటారు. కథ ఎటు పోవాలో తోచకపోతే పాచిక వేస్తారు. ఇరవై ముఖాల పాచిక. దానికి తగ్గ పట్టికలు పుస్తకంలో ఉంటాయి. 1979లో వచ్చిన వాళ్ళ పెద్ద పుస్తకంలో ఇలాంటి పట్టికలు బోలెడు. పాచికలో వచ్చిన అంకె ఎదురుగా 'ఎండిన బావి' అనో 'విరిగిన తాళం' అనో ఉంటే, ఆ ముక్క పట్టుకుని కథ అల్లుకుపోవాలి. ఇప్పటి పిల్లలు పాచిక బదులు ఏదో ఒక పుస్తకం తెరిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టి, అక్కడున్న మాటతోనూ ఆడుతున్నారు.

మన తెలుగు పిల్లలూ ఇక్కడ ఈ ఆట ఆడతారు. మాకు మొదట ఇది గాలికబుర్ల ఆటలా అనిపించింది. తర్వాత తెలిసొచ్చింది, ఇది దత్తపదికి వేలు విడిచిన మేనమామ కొడుకు. ఛందస్సు లేదు, ధారణ లేదు, నిజమే. కానీ కీలకం ఒకటే. మాట మన ఇష్టప్రకారం రాదు, ఎదుటివాడో పాచికో ఇస్తుంది. అందుకే బుర్ర రోజూ నడిచే దారి విడిచిపెట్టి కొత్త దారి తొక్కుతుంది.

మేమూ ఒక ప్రయత్నం చేశాం. ఇక్కడ జనవరి, ఫిబ్రవరిలో మంచు గట్టిగా పడితే కాంక్రీటు పనులు మందగిస్తాయి. ఇంట్లో ఐదారుగురం కూర్చుంటాం. ఊరి నుంచి వచ్చినవాళ్ళు పచ్చడి సీసాలకు చుట్టి తెచ్చిన పాత తెలుగు పేపర్లు ఉంటాయి కదా, వాటిలో కళ్ళు మూసుకుని వేలు పెట్టి మాటలు కత్తిరించి చీటీలు చేశాం. వేషాలు పంచుకున్నాం. ఒకడు కృష్ణుడు, ఒకడు దుర్యోధనుడు, ఒకడు కర్ణుడు, ఒకడు ధర్మరాజు. చీటీ తీసి, అందులో మాట వచ్చేలా రాయబారం నడపాలి. పద్యం మా వల్ల కాదు, వచనమే. మొదట నవ్వులే నవ్వులు. దుర్యోధనుడికి 'ఎరువుల కొరత' వచ్చింది, కర్ణుడికి 'బంగారం ధర' వచ్చింది, అంగరాజ్యం తాకట్టు పెట్టేశాడు.

తర్వాత ధర్మరాజు వేషం కట్టిన అన్నకు 'వాయిదా' అనే చీటీ వచ్చింది. ఆయనకు ఊళ్ళో దాయాదులతో పొలం తగాదా ఉంది, కోర్టులో నలుగుతోంది, విమానం టిక్కెట్టు పెట్టుకుని వెళ్ళినా వాయిదాకే వెళ్ళి రావడం. ఆయన చీటీ చూసి, కృష్ణా, సగం రాజ్యం వద్దు, ఐదూళ్ళు వద్దు, అమ్మ ఉన్న ఇల్లు ఒక్కటి అడిగిరా, ఇంక వాయిదా వెయ్యొద్దని చెప్పిరా అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. కృష్ణుడి వేషం వాడు కాసేపు చీటీ తియ్యడమే మరిచిపోయాడు.

ఆ రాత్రే మాకు పాండవోద్యోగం ఎందుకు అంత జనంలోకి వెళ్ళిందో బోధపడింది. అన్నదమ్ముల పిల్లల మధ్య ఆస్తి పంపకం. మధ్యవర్తి వచ్చి కనీసం ఐదూళ్ళయినా ఇచ్చి తగువు తెంచుకోమంటాడు. ఇవ్వననే మొండివాడు ఒకడు, వాడి అన్నం తిన్నానని వెంట నిలబడే స్నేహితుడు ఒకడు. పెద్దలందరికీ న్యాయం తెలుసు, ఎవరూ గట్టిగా నోరెత్తరు. ఈ కథ లేని ఊరు మన దగ్గర ఉందా?

ముగ్గురు కృష్ణుల నాటకం

తిరుపతి వేంకట కవులు భారత కథను ఆరు నాటకాలుగా రాశారు. పాండవ జననం, పాండవ ప్రవాసం, పాండవ రాజసూయం, పాండవోద్యోగం, పాండవ విజయం, పాండవాశ్వమేధం. ఇందులో ఉద్యోగాన్నీ విజయాన్నీ కలిపి రంగస్థలం వాళ్ళు 'పాండవోద్యోగ విజయాలు' చేసుకున్నారు. మిగతా నాలుగూ పుస్తకాల్లో ఉండిపోయాయి గానీ ఇది మాత్రం పల్లెపల్లెకూ పాకింది.

మా లెక్కలో దీనికి కారణం అవధానమే. ఏళ్ళ తరబడి ఎవడు ఏ మాట ఇస్తే ఆ మాటతో, ఎక్కడ నిలబడితే అక్కడ పద్యం చెప్పి చెప్పి, వాళ్ళకు పద్యం మామూలు మాటంత తేలికైపోయింది. బావగారు ఇంటికొస్తే పలకరించే తీరులోనే కృష్ణుడు పద్యంలో పలకరిస్తాడు. క్షేమం అడిగే తీరు, ఎత్తిపొడిచే తీరు, బెదిరించే తీరు అన్నీ మన ఇంటి మాటల తీరే, యతిప్రాసలు మాత్రం చక్కగా కూర్చున్నాయి. చదువురాని నటుడు కూడా ఎవరైనా చదివి వినిపిస్తే విని నేర్చుకోగలిగాడు. వాళ్ళ అవధాన పద్యాలు వేలల్లో ఉన్నా ఇవాళ పండితులు తప్ప ఎవరూ తలవరు. అవధానం గారడీయే గానీ కవిత్వం కాదని అప్పుడూ అన్నవాళ్ళున్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉందనే మాకూ అనిపిస్తుంది. ఇచ్చిన నాలుగు మాటల కోసం కట్టిన పద్యం ఆ నాలుగు మాటలతోనే అయిపోతుంది. కానీ ఆ గారడీ చేసిన చెయ్యి తీరిగ్గా కూర్చుని రాస్తే ఏం వచ్చిందో నాటకం చూస్తే తెలుస్తుంది.

నాటకం ఆడే తీరు కూడా చెప్పుకోవాలి. ఒకే రాత్రి ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులు. పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారంలో ఇంకో కృష్ణుడు, యుద్ధంలో మూడో కృష్ణుడు. జనం మొదటి కృష్ణుడి గొంతును రెండో కృష్ణుడితో పోల్చి తెల్లారేదాకా వాదించుకునేవారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య లాంటి వాళ్ళు కృష్ణుడు వేషంతోనే ఇంటింటా తెలిసిన మనుషులయ్యారు. పద్యం అయ్యాక వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. 1967లో వచ్చిన 'శ్రీకృష్ణావతారం' సినిమాలో రాయబారం ఘట్టానికి ఈ పద్యాలనే తీసుకున్నారు. అలా నాటకం చూడనివాళ్ళకు కూడా ఇవి ఘంటసాల గొంతులో అందాయి.

బందరు మాస్టారు

ఎన్నాళ్ళని తిరుగుతారు? 1900 దాటాక తిరుపతిశాస్త్రి పోలవరం జమీందారు ఆశ్రయంలో కుదురుకున్నారు. వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడిగా చేరారు. రాజుల ముందు మీసం తిప్పిన మనిషి బెంచీల ముందు సుద్దముక్క పట్టుకున్నారు. ఉద్యోగం చిన్నదే గానీ ఆ బడి నుంచి, ఆయన చుట్టూ చేరిన శిష్యుల నుంచి వచ్చిన పంట చూడండి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేలూరి శివరామశాస్త్రి. తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చిన విశ్వనాథ, తాను చెళ్ళపిళ్ళవారి శిష్యుణ్ణని జీవితమంతా గర్వంగా చెప్పుకున్నారు. గురుశిష్యుల రాతల్లో పోలిక పెద్దగా ఉండదు. ఆయన తన అచ్చు గుద్దినట్టు శిష్యులను తయారు చెయ్యలేదు, అది మాకు నచ్చిన సంగతి.

1920 నవంబరులో తిరుపతిశాస్త్రి పోయారు. వయసు 48 ఏళ్ళు. ముప్పై ఏళ్ళ తోడు. ఒకే పద్యంలో ఏ పాదం ఎవరిదో విడదీసి చెప్పలేనంత కలిసిపోయిన మనుషులు వాళ్ళు. ఇక్కడ వేంకటశాస్త్రిగారు చేసిన పని చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ఆ తర్వాత మరో ముప్పై ఏళ్ళు బతికి, తానొక్కడే రాసిన పద్య రచనలను కూడా ఇద్దరి పేరు మీదే వెలువరించారు. పని చేసినవాడు ఒకడు, పేరు పెట్టించుకునేవాడు ఇంకొకడు అనే లోకం మనకు సైటులో రోజూ కనిపిస్తుంది. పోయిన స్నేహితుడికి తన కష్టంలో సగం రాసిచ్చినవాణ్ణి మేమైతే ఎక్కడా చూడలేదు.

ఆ మలివయసులోనే ఆయన వచనం బాగా రాశారు. 'కథలు గాథలు' చదవండి. అరుగు మీద కూర్చుని తాతయ్య కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది. ఒక సంగతి మొదలుపెట్టి, దాని మధ్యలో ఇంకోటి గుర్తొచ్చి అటు వెళ్ళి, అరగంటకు మళ్ళీ మొదటి చోటికి వస్తారు. గురువులు, రాజులు, తగాదాలు, తిండి, ప్రయాణాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆనాటి గోదావరి, కృష్ణా జిల్లాల బతుకు తెలియాలంటే చరిత్ర పుస్తకాల కన్నా అది మేలు. పద్యాలంటే భయపడేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిగా నియమించింది. అప్పటికి ఆయనకు దాదాపు ఎనభై. తెలుగువాళ్ళకు సొంత రాష్ట్రం ఇంకా రాలేదు, అది 1953లో వచ్చింది. పడుచుతనంలో జమీందార్ల గుమ్మాల్లో పిలుపు కోసం కాచుకున్న మనిషిని, రాజులూ సంస్థానాలూ పోయాక, ప్రభుత్వమే పిలిచి ఆస్థానకవి అంది. ఆ గౌరవం ఆయన అనుభవించింది కొద్ది నెలలే.

1950 ఫిబ్రవరి 15న వేంకటశాస్త్రిగారు కన్నుమూశారు. ఆ రోజు మహాశివరాత్రి. మా ఊళ్ళలో శివరాత్రి జాగారానికి పందిరి వేసి కట్టే నాటకం పాండవోద్యోగ విజయాలే. పడకసీను పది గంటలకు మొదలవుతుంది, రాయబారం వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, మూడో కృష్ణుడు అర్జునుడి రథం ఎక్కేసరికి కోడి కూస్తుంది.